లైఫ్‌టైమ్ ఫ్రీ అన్న కార్డుకు ఫీజు పడిందా? పైసలు వాపసు తెచ్చుకోవడం, కార్డు క్లోజ్ చేయించుకోవడం ఎలా

ఫోన్ కిస్తీనో ట్రాక్టర్ అప్పు కిస్తీనో రెండు మూడు నెలలు ఆగితే సిబిల్ స్కోరు దిగిపోతుంది. 300 నుంచి 900 దాకా ఉండే ఆ లెక్కలో బాగా కిందికి జారినవాళ్ళకు మామూలు క్రెడిట్ కార్డు ఎవరూ ఇవ్వరు. సరిగ్గా వాళ్ళను వెతుక్కుంటూ ఇంకో రకం కార్డు వస్తుంది. పదివేల ఎఫ్‌డీ పెట్టించుకుని దాని మీద ఇచ్చేది ఒకటి, ఏదో యాప్ పేరు అచ్చేసుకుని వచ్చేది ఇంకొకటి. లిమిట్ తక్కువ, ఫీజుల పట్టిక మాత్రం పొడుగు. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో షోరూం ముందు టేబుల్ వేసుకుని కూర్చున్న పిల్లగాడు "లైఫ్‌టైమ్ ఫ్రీ అన్నా, స్కోరు కూడా పెరుగుతది" అంటాడు. ఆరు నెలలకు బిల్లులో 588 రూపాయలు కనిపిస్తాయి.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు ఒక్కటే. ఫీజు గొడవనూ కార్డు క్లోజింగునూ ఒకే ఫోన్ కాల్‌లో కలిపేస్తారు. "ఫీజు తీసేయండి, లేకుంటే కార్డు బంద్ చేయండి" అంటే అవతలివాళ్ళు రెండూ చేయరు. బాకీ ఉంది కాబట్టి క్లోజ్ కాదంటారు, కార్డు నడుస్తోంది కాబట్టి ఫీజు పడుతుందంటారు. ఇవి రెండు వేర్వేరు పనులు. వేర్వేరు ఫిర్యాదు నంబర్లతో నడపాలి.

మొదట: కార్డు ఎవరిదో తేల్చుకోండి

ముందువైపు యాప్ పేరు ఎంత పెద్దగా ఉన్నా, కార్డు ఇచ్చింది వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న బ్యాంకే. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం కార్డు మీద తన పేరు అచ్చేసుకున్న కంపెనీ (కో-బ్రాండ్ భాగస్వామి) పని కార్డును ప్రచారం చేసి పంచడం వరకే. ఫీజు వేసేది, తీసేసేది, ఖాతా మూసేది బ్యాంకు. యాప్ చాట్‌లో నెల రోజులు కొట్లాడి, ఆ చాట్‌ను ఫిర్యాదుగా చూపిస్తే తర్వాత అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అధికారి) దగ్గర అది నిలవకపోవచ్చు. బ్యాంకు కార్డు విభాగానికి రాసిందే లెక్క.

మీ ఊరి బ్రాంచి మేనేజరు మంచివాడే కావచ్చు, కానీ చాలా బ్యాంకుల్లో కార్డుల వ్యవహారం ఆయన చేతిలో ఉండదు. ఎఫ్‌డీ మీద ఉన్న లీన్ (బాకీకి హామీగా బ్యాంకు పెట్టుకున్న పట్టు) ఎత్తేయించడానికి మాత్రం ఆయన పనికొస్తాడు. ఆ మాట తర్వాత.

కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతక్కండి. కార్డు వెనక ఉన్నది, స్టేట్‌మెంటు మీద ఉన్నది మాత్రమే వాడండి. "కార్డు క్లోజ్ చేస్తాం, ఓటీపీ చెప్పండి", "ఈ ఏపీకే ఫైల్ వేసుకోండి" అన్నవాడు ఎవడైనా దొంగే. కార్డుతో విసిగిపోయి ఉన్నవాళ్ళే వాళ్ళకు మెత్తగా దొరికేది. పైసలు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి.

రెండోది: కాగితాలు

కావలసినవి ఇవి. దరఖాస్తు సమయంలో ఇచ్చిన, వడ్డీ, ఫీజులు రాసి ఉండే ఒక పేజీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంటు. దానితోపాటు వచ్చే ముఖ్య నిబంధనల పత్రం, బ్యాంకువాళ్ళ భాషలో ఎంఐటీసీ. మొదటి నెల నుంచి ఇప్పటిదాకా అన్ని స్టేట్‌మెంట్లు. "లైఫ్‌టైమ్ ఫ్రీ" అని వచ్చిన మెసేజ్‌గానీ వాట్సాప్‌గానీ పాంప్లెట్‌గానీ ఉంటే దాని ఫోటో. నోటిమాట మీద నిలబడటం కష్టం, మెసేజ్ ఒక్కటి ఉన్నా బలమే. మొదటి రెండూ మీ దగ్గర లేకుంటే బ్యాంకునే ఈమెయిల్‌లో అడగండి. వాళ్ళు పంపకపోతే ఆ పంపకపోవడమే మీ ఫిర్యాదులో ఒక పాయింటు.

రిజిస్టర్ అయిన మొబైల్ నంబరు ఇప్పటికీ మీ చేతిలో ఉందా? పాలమూరు నుంచి ముంబై, పుణే పనులకు పోయేవాళ్ళ కేసులు ఎక్కువగా చెడేది ఇక్కడే. సిమ్ మారింది, బిల్లు మెసేజ్ పాత నంబరుకు పోయింది, నోటీసు ఊర్లో తాళం వేసిన ఇంటికి వచ్చింది. ముందు నంబరు, చిరునామా మార్పించుకున్నాకే మిగతా పని. లేకుంటే కార్డు మూతకు ఓటీపీ కూడా మీకు రాదు.

మూడోది: బిల్లును గీతగీతగా చదవడం

ఇది ఓపిగ్గా చేయాలి. వాపసు వచ్చే పైసలు ఇక్కడే దొరుకుతాయి. ఒక బిల్లు ఇలా పెరిగిందనుకుందాం.

మొదటి నెల:
యాన్యువల్ ఫీజు: 499.00
జీఎస్‌టీ 18 శాతం: 89.82
మొత్తం: 588.82

మీరు కట్టలేదు. రెండో నెల దాని మీద వచ్చి పడినవి:
లేట్ ఫీజు: 500.00
నెలకు 3.5 శాతం లెక్కన వడ్డీ: 20.61
లేట్ ఫీజు, వడ్డీల మీద జీఎస్‌టీ: 93.71
మొత్తం బాకీ: 1,203.14

రూపాయి ఖర్చు పెట్టకుండానే పన్నెండు వందలు. ఇప్పుడు ఒక్కో గీతనూ పట్టుకోండి.

499: కార్డు ఇచ్చేటప్పుడు స్పష్టంగా చెప్పని ఛార్జీని కార్డుదారు ఒప్పుకోలు లేకుండా వేయకూడదు. ఉచితమని ఇచ్చిన కార్డుకు దాచిన ఛార్జీలు ఉండకూడదు. 2022 ఏప్రిల్ 21న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన కార్డుల నిబంధనల్లోని మాటలివి. ఫీజును మధ్యలో మొదలుపెట్టినా పెంచినా కనీసం నెల ముందు తెలియజేయాలి, అది కూడా ముందుకే వర్తించాలి, వెనక్కి కాదు. ఆ మార్పు మీకు నచ్చక కార్డు వదులుకుంటానంటే, ఉన్న బాకీ కట్టించుకోవచ్చుగానీ అదనపు ఛార్జీ వేయకూడదు. అదే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంటులో 499 అని రాసి ఉండి, మీరు సంతకమో ఓటీపీయో ఇచ్చి ఉంటే ఈ గీత మీద కొట్లాడి లాభం లేదు. అడిగితే దయతలచి తీసేయవచ్చు, అంతే.

20.61: ఇది చిన్న అంకె కానీ గట్టి పాయింటు. కట్టని ఛార్జీలను, పన్నులను అసలులో కలిపి వాటి మీద వడ్డీ వేయకూడదు. పై బిల్లులో కొనుగోలు ఒక్కటీ లేదు కాబట్టి వడ్డీకి తావే లేదు.

500: లేట్ ఫీజు డ్యూ డేట్ దాటి మూడు రోజులకంటే ఎక్కువ అయితేనే పడాలి. డ్యూ డేట్ 5 అయితే 8వ తేదీన కట్టినవాడికి లేట్ ఫీజు ఉండకూడదు. లేట్ ఫీజు లెక్కించేది గడువు తర్వాత మిగిలిన బాకీ మీదనే, మొత్తం బిల్లు మీద కాదు. బిల్లు ఎనిమిది వేలై, మీరు ఏడున్నర వేలు సమయానికి కట్టి ఉంటే, పట్టికలో అయిదు వందల బాకీకి ఎంత రాసి ఉందో అంతే. యూపీఐతో కట్టినప్పుడు యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపు గుర్తింపు నంబరు) ఉన్న స్క్రీన్‌షాట్ దాచండి. కట్టిన తేదీకీ కార్డు ఖాతాలో పడిన తేదీకీ మధ్య తేడా వచ్చినప్పుడు అదే సాక్ష్యం.

జీఎస్‌టీ: ఫీజు తీసేసి పన్ను ఉంచేస్తారు. ఫీజు వాపసు అడిగిన ప్రతిచోటా "దాని మీది జీఎస్‌టీతో సహా" అని రాయండి.

ఇవికాక కార్డు ప్రొటెక్షన్ ప్లాన్, బీమా అని నెలనెలా పోయే వంద, రెండు వందలు ఉంటాయి. వాటికి మీరు ఎప్పుడు, ఎలా ఒప్పుకున్నారో రికార్డు చూపమనండి. ఇక వడ్డీ రేటు మరీ ఎక్కువ అన్న ఒక్క కారణంతో రాయకండి. 30 శాతం దాటితే అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టేసింది. "వడ్డీ ఎక్కువ" అనేది నిలవదు. "చెప్పని ఛార్జీ", "ఛార్జీ మీద వడ్డీ" అనేవి నిలుస్తాయి.

నాలుగోది: కట్టాలా, ఆపాలా?

కార్డు మీరు యాక్టివేట్ చేయనే లేదనుకోండి. అప్పుడు కట్టొద్దు. కార్డు ఇచ్చిన 30 రోజుల దాకా యాక్టివేట్ కాకపోతే బ్యాంకు ఓటీపీతో మీ ఒప్పుకోలు తీసుకోవాలి. మీరు ఇవ్వకపోతే అడిగిన నాటి నుంచి 7 పనిదినాల్లో ఏ ఖర్చూ లేకుండా ఖాతా మూసేయాలి. యాక్టివేట్ కాని కార్డు వివరం సిబిల్ లాంటి సంస్థలకు పంపనూ కూడదు. ఇలాంటి కార్డుకు "పోనీలే" అని 588 కడితే ఒప్పుకున్నట్టే అని వాదిస్తారు. అసలు అడగకుండానే కార్డు అంటగట్టి బిల్లు వేస్తే, ఆ ఛార్జీ తీసేయడంతోపాటు దానికి రెట్టింపు మీకు జరిమానాగా ఇవ్వాలి. 588.82కి 1,177.64 అన్నమాట. ఫిర్యాదులో ఈ అంకె రాయండి, మొహమాటం వద్దు.

కార్డు వాడుతూ ఉండి గొడవ ఫీజు మీద మాత్రమే ఉంటే లెక్క వేరు. మోసం జరిగిన లావాదేవీ అని మీరు ఫిర్యాదు చేస్తే అది తేలేదాకా దాని మీద ఛార్జీ వేయకూడదు. మామూలు ఫీజు గొడవకు అలాంటి రక్షణ లేదు, మీటరు తిరుగుతూనే ఉంటుంది. అందుకని అయిదారు వందల దగ్గర పంతానికి పోయి స్కోరు పాడు చేసుకోవడం కంటే, "అభ్యంతరం తెలుపుతూ కడుతున్నాను, వాపసు హక్కు వదులుకోవడం లేదు" అని ముందే ఈమెయిల్ పెట్టి కట్టేయడం మేలు. కట్టాక కూడా వాపసు అడగొచ్చు.

ఆటోపే పెట్టి ఉంటే చూసుకోండి. ధాన్యం పైసలు పడే ఖాతాకే కార్డు ఆటోపే తగిలించినవాళ్ళు చాలామంది. గొడవలో ఉన్న మొత్తం కూడా అందులోంచే పోతుంది. ఆటోపే ఆపేయండి, కానీ ఆపిన నెల నుంచి డ్యూ డేట్ మీరే గుర్తుపెట్టుకోవాలి.

అయిదోది: ఫిర్యాదు రాయడం

ఫోన్ చేస్తే రిఫరెన్స్ నంబరు, తేదీ రాసుకోండి. అదేరోజు అదే విషయం ఈమెయిల్‌లో పెట్టండి. ఇంగ్లీషులో రాయించుకుంటే పని తొందరగా కదులుతుంది. మీసేవ దగ్గరో, ఇంట్లో చదువుకున్న పిల్లలతోనో రాయించుకోండి. విషయం ఇంతకు మించి అక్కర్లేదు:

"నా కార్డు చివరి నాలుగు అంకెలు ఫలానా. ఫలానా తేదీ బిల్లులో యాన్యువల్ ఫీజు 499, జీఎస్‌టీ 89.82 వేశారు. కార్డు ఇచ్చేటప్పుడు ఉచితమని చెప్పారు, మెసేజ్ జత చేశాను. ఈ ఫీజుకు నేను ఒప్పుకున్న రికార్డు పంపండి. తర్వాతి బిల్లులో వేసిన లేట్ ఫీజు, వడ్డీ, వాటి మీది జీఎస్‌టీతో సహా 1,203.14 తీసేయండి. వివాదం తేలేదాకా క్రెడిట్ సంస్థలకు బాకీదారుగా పంపవద్దు."

మీరు కష్టజీవి అని, వాళ్ళు మోసగాళ్ళని నాలుగు పేజీలు రాస్తే చదివేవాడికి అంకె దొరకదు. తేదీ, గీత, మొత్తం, ఏం కావాలి. బిల్లు తప్పన్నప్పుడు ఫిర్యాదు అందిన 30 రోజుల్లో వివరణ, అవసరమైన ఆధారం బ్యాంకు ఇవ్వాలి. "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని ఒక్క ముక్క మెసేజ్ వస్తే దాన్ని కూడా దాచండి. ఫిర్యాదును పూర్తిగానో కొంతగానో తోసిపుచ్చేముందు బ్యాంకు తన అంతర్గత అంబుడ్స్‌మన్‌కు చూపాలి. "ఆయన చూశారా?" అని ఒక వాక్యం అడిగితే ఫైలు మళ్ళీ తెరుచుకోవడం మామూలే.

ఆరోది: క్లోజింగు

ముందు ఫైనల్ మొత్తం రాతపూర్వకంగా అడగండి. బిల్లు అయినది, బిల్లు కానిది, ఈఎంఐల మిగులు, వాటి ముందస్తు మూత ఛార్జీ అన్నీ కలిపి. ఇక్కడ మోసపోయేది చిల్లర దగ్గర. స్టేట్‌మెంటులో ఉన్న మొత్తం కట్టేస్తారు, బిల్లు తేదీకీ కట్టిన తేదీకీ మధ్య వడ్డీ 14 రూపాయలు మిగిలిపోతుంది. ఆ 14 రూపాయల వల్ల కార్డు మూతపడదు, దాని మీద ఇంకేదో పుడుతుంది. అందుకే ఒక పది, ఇరవై ఎక్కువ కట్టినా నష్టం లేదు. మిగిలినది మూత తర్వాత మీ బ్యాంకు ఖాతాకు తిరిగి రావాలి.

బాకీ సున్నా అయ్యాక క్లోజింగు అర్జీ పెట్టండి. హెల్ప్‌లైన్, ఈమెయిల్, వెబ్‌సైట్, యాప్ ఏదైనా సరే. పోస్టులోనే పంపాలని పట్టుబట్టే హక్కు బ్యాంకుకు లేదు. 7 పనిదినాల్లో మూసి, మూసినట్టు వెంటనే మీకు తెలియజేయాలి. అంతకు మించితే ఆలస్యమైన ప్రతి క్యాలెండర్ రోజుకూ 500 రూపాయలు మీకు కట్టాలి. షరతు ఒక్కటే, ఖాతాలో బాకీ ఉండకూడదు. అందుకే సున్నా చూపించే స్క్రీన్‌షాట్ అర్జీ పెట్టిన రోజే తీసి ఉంచండి. ఇరవై రోజులు ఆలస్యమైతే పదివేలు. అడగనివాళ్ళకు ఎవరూ పిలిచి ఇవ్వరు.

"సార్, కార్డు ఉంచుకోండి, ఫీజు ఈ ఏడాది మాఫీ" అని ఫోన్ వస్తుంది. ఉంచుకోవాలని మీకే ఉంటే సరే, అది ఈమెయిల్‌లో పంపమనండి. వద్దనుకుంటే ఆ ఫోన్‌లో ఒక్క "సరే" కూడా అనకండి. అర్జీ వెనక్కి తీసుకున్నట్టు రాసుకుంటారు.

ఎఫ్‌డీ మీది కార్డైతే మూత మెసేజ్ వచ్చాక బ్రాంచికి వెళ్ళండి. ఎఫ్‌డీ మీద లీన్ ఎత్తేశారా అని సిస్టంలో చూపించమనండి. కార్డు మూసినా లీన్ అలాగే ఉండిపోవడం జరుగుతుంటుంది, అడిగేదాకా ఎవరూ గమనించరు. మేనేజరుతో అవసరం ఉంటుందని పైన అన్నది దీనికే.

బ్యాంకే కార్డు ఆపేస్తే

బ్యాంకుకు ఆ అధికారం ఉంది. కానీ ఆపిన వెంటనే కారణంతో సహా మెసేజో ఈమెయిలో పంపాలి. ఏడాదికి మించి వాడని కార్డైతే ముందు తెలియజేసి, 30 రోజుల్లో మీ నుంచి జవాబు లేకపోతే మూయాలి. కార్డు ఆగినంత మాత్రాన బాకీ ఆగదు. కార్డు పనిచేయడం లేదు కదా అని కట్టడం మానేసినవాళ్ళకే లేట్ ఫీజులు పేరుకుపోతాయి.

వసూలు ఏజెంట్లు పొద్దున 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. చేస్తే కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ తీసి వేరే ఫిర్యాదుగా పెట్టండి. పక్కింటివాళ్ళకు, చుట్టాలకు చెప్పి పరువు తీయడమూ అందులోకే వస్తుంది.

30 రోజులు దాటితే

రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. నిజానికి వకీలు మీ తరఫున ఫిర్యాదు వేయడానికే వీల్లేదు. సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్ లో వేయొచ్చు, లేదా చండీగఢ్ సెక్టర్ 17లోని రిజర్వ్ బ్యాంకు కేంద్రానికి పోస్టులో పంపొచ్చు. అనుమానం ఉంటే 14448కి ఫోన్ చేసి తెలుగులోనే అడగండి. హైదరాబాద్ సైఫాబాద్‌లోని రిజర్వ్ బ్యాంకు ఆఫీసుకు బస్సెక్కి పోనక్కర్లేదు.

ఇక్కడ ఫిర్యాదులు తిరిగొచ్చే పెద్ద కారణం, ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా రాయకుండానో, 30 రోజులు ఆగకుండానో రావడం. బ్యాంకుకు పెట్టిన ఈమెయిల్, వాళ్ళ జవాబు, స్టేట్‌మెంటు, మీ లెక్క, ఈ నాలుగూ జత చేయండి. గడువు ఉంది కదా అని నెలలు గడపకండి. జవాబు నచ్చకపోయినా, 30 రోజులు దాటినా ఆ వారంలోనే వేయండి.

ఇంకో దారి జిల్లా వినియోగదారుల కమిషన్. నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఉన్నాయి. బ్యాంకు కార్డు ఆఫీసు చెన్నైలో ఉన్నా గురుగ్రామ్‌లో ఉన్నా, 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గొడవ పుట్టిన రెండేళ్ళలోపు వేయాలి. రెండు చోట్లా ఒకేసారి వేస్తే మాత్రం అంబుడ్స్‌మన్ తీసుకోరు. ఫీజు, లేట్ ఫీజు లాంటి అంకెల గొడవకు అంబుడ్స్‌మన్ చాలు. స్కోరు పాడై లోన్ పోయింది, మానసిక వేదన అని నష్టపరిహారం పెద్దగా అడగాలంటే కమిషన్.

లోక్ అదాలత్ నోటీసు వస్తే భయపడకండి, అది రాజీకి పిలుపు. వెళ్ళండి, కానీ "తక్కువకు సెటిల్" అంటే ఏమిటో తెలుసుకుని సంతకం పెట్టండి. సెటిల్డ్ (పూర్తిగా కట్టకుండా రాజీపడ్డారు) అన్న ముద్ర సిబిల్ రిపోర్టులో ఏళ్ళ తరబడి ఉంటుంది, క్లోజ్డ్ అన్నదానితో అది సమానం కాదు. మీరు ఒప్పుకోని ఫీజుల మీద సెటిల్‌మెంటు తీసుకోకండి. ఛార్జీలు తీసేసి క్లోజ్డ్ అని రాయమనండి.

చివరి తనిఖీ: సిబిల్

బాకీదారుగా పంపేముందు బ్యాంకు మీకు ఆ మాట తెలియజేయాలి. అది రాకుండానే రిపోర్టులో ఎక్కితే అదీ ఫిర్యాదే. కార్డు మూసిన నెలన్నరకు రిపోర్టు తీసి చూడండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఒక్క సిబిల్ చూసి వదిలేయకండి. తప్పు ఉంటే వాళ్ళ వెబ్‌సైట్‌లోనే డిస్ప్యూట్ వేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆపైన రోజుకు 100 రూపాయలు మీకు రావాలి.

బ్యాంకు నుంచి నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, ఒక ప్రింటు పాసు పుస్తకాల సంచిలో పెట్టండి. పాత కార్డు బాకీలను బ్యాంకులు గుంపగుత్తగా వేరే కంపెనీలకు అమ్మేస్తుంటాయి. మూడేళ్ళ తర్వాత పేరు వినని కంపెనీ నుంచి ఎవరో ఫోన్ చేసి పన్నెండు వేలు కట్టమంటే, మీరు చూపించాల్సింది ఆ కాగితమే.